ఎండకాలపు విద్య

పూర్వము మన వీధిబడి పిల్లలకు సెలవుల సంబరము దసరాలో ఉండేది. విల్లంబులు చేతబట్టి, అయ్యవారి వెంట ఇంటింటికి తిరిగి, పద్యాలు చదివి, సంభావన పుచ్చుకొని వచ్చేవారు. ఆ బడికి వేసవి సెలవులు అన్న మాట తెలియదు. ఎండ ముదిరితే ప్రొద్దుటి పూట చదువు, మధ్యాహ్నము నిద్ర, అంతే. రెండు నెలలపాటు బడి మూసివేసి బాలురను ఊరి మీదికి విడిచిపెట్టడమన్నది ఇంగ్లీషు చదువులతో వచ్చిన ఏర్పాటు. ఈ ఏర్పాటువల్ల మన దేశములో ఒక కొత్తరకపు మనిషి పుట్టినాడు. వయసు పదహారుకు, ఇరవైరెండుకు మధ్య. గుంటూరులోనో బందరులోనో మద్రాసులోనో చదువు. చైత్రము వెళ్లేసరికి పెట్టె సర్దుకొని స్వగ్రామానికి రాక. జ్యేష్ఠములో తొలకరి పడేవరకు చేయవలసిన పని యేదీ లేకపోవడము. ఆ పని లేనితనము నుండి గుంటూరు సీమలో పుట్టిన సంగీతమెంత, సాహిత్యమెంత, నాటకమెంత అన్నది ఈ ప్రసంగ విషయము.

పని లేనితనము బాలునిది మాత్రమే కాదు, ఊరిది కూడ. డెల్టాలో వరి సంక్రాంతినాటికి గాదెకు చేరుతుంది. ఆ వెనుక మినుము, పెసర. మెట్టలో పత్తి తీతలు మాఘ ఫాల్గుణాలతో ముగుస్తవి. మిరపకాయలు కళ్లాల మీద ఎండి, బస్తాలకెక్కి, గుంటూరు కొట్లకు పోతవి. ఉగాది దాటిన తరువాత రైతు చేతిలో నాలుగు రూపాయలు, ముందు రెండు నెలల తీరిక. పెళ్లిళ్లు ఈ కాలములోనే, తిరునాళ్లు ఈ కాలములోనే, నాటకాలు ఈ కాలములోనే. పగలు వడగాలి వీచినా రాత్రి చల్లబడుతుంది. పందిరి వేయనక్కరలేదు, వాన భయము లేదు. ఆరుబయట తెల్లవార్లు కూర్చునే సభకు ఇంతకన్న మంచి అదను ఏడాదిలో మరొకటి లేదు. చందా వేయగల రైతు, పుస్తకము చదువగల బాలుడు ఒకే ఊరిలో, ఒకే మాసములో, తీరికగా కలసికొన్నారు. ఈ చిన్న సంగతి మన సాహిత్య చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. కవుల జన్మస్థలాలు వ్రాసినారు, గురువుల పేర్లు వ్రాసినారు. సెలవులను గూర్చి వ్రాసినవారు అరుదు.

మరొక కారణము రైలు. 1899లో బెజవాడ గూడూరు మార్గము పూర్తి అయి, మద్రాసుకు నేరుగా దారి ఏర్పడినది. దుగ్గిరాల, తెనాలి, బాపట్ల, చీరాల, వేటపాలెము, ఒంగోలు, వరుసగా ఆ మార్గము మీది స్టేషన్లు. ఈ పేర్లనే తరువాతి నలుబది యేండ్ల నాటక చరిత్రలోను, గ్రంథాలయ చరిత్రలోను మాటిమాటికి వింటాము. మద్రాసు పత్రికలు ప్రొద్దుటికి వచ్చి పడేవి. సురభివారి తెరలు, పెట్టెలు, హార్మోనియములు సాయంకాలానికి దిగేవి. రైలుకు దూరమైన పల్నాటికి ఈ వేడుక ఆలస్యముగా వచ్చినది. రెండువేల యేండ్ల క్రిందట మన దేశపు కళకే రాజధాని అయిన అమరావతికి కూడ ఆలస్యముగానే వచ్చినది. దానిని గూర్చి తరువాత చెప్పుకొందాము.

ముందు ఒక యువకుని సంగతి. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టి, చిన్ననాడే తలిదండ్రులను పోగొట్టుకొని, గుంటూరులో చదువుకొన్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారిని చీరాల పేరాల ఉద్యమ నాయకునిగా అందరము ఎరుగుదుము. ఆయనకు ముందు పట్టినది రాజకీయము కాదు, రంగస్థలము. విద్యార్థి దశలోనే స్నేహితులను కూడగట్టి జాతీయ నాట్యమండలి అని ఒక సంఘము పెట్టి, సంగీతము, నాటకము నడిపినారు. కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగిరి చేసి, అది సరిపడక, 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారి తోడ్పాటుతో సముద్రము దాటి, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయములో చేరినారు. అక్కడ చదివినది అర్థశాస్త్రము. మనసు మాత్రము గుంటూరు రంగస్థలము మీదనే ఉండిపోయినది. ఆనంద కుమారస్వామిగారితో పరిచయమై, ఇరువురును కలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి అనువదించినారు. 1917లో ఆ గ్రంథమును హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రచురించినారు. అప్పటికి గోపాలకృష్ణయ్యగారికి ఇరువదియెనిమిదేండ్లు.

ఈ గ్రంథము వెనుక ఒక విశేషమున్నది. అభినయదర్పణము సంస్కృత గ్రంథమే అయినా, ఆ అనువాదానికి ఆధారమైన అచ్చుప్రతి తెలుగు లిపిలోనిది. నాగరలిపి ప్రతి మనోమోహన ఘోషుగారి పరిష్కారముతో కలకత్తాలో వెలువడినది 1934లో. అంటే, నాట్యశాస్త్రమును పడమటి దేశాలకు పరిచయము చేయడానికి తెలుగు అక్షరాలు చదువగల ఒక మనిషి అవసరమైనాడు. ఆ మనిషికి అక్షరాలే కాక ఆటకూడ తెలిసి ఉండడము మన అదృష్టము. పతాకము, త్రిపతాకము, అర్ధపతాకము అని హస్తాల పేర్లు వల్లించడము పండితుడెవరైనా చేయగలడు. ఆ చేయి ఎప్పుడు విప్పాలో, చూపు ఎటు తిప్పాలో కొంత తెలిసినవాడు కావడము వేరు. 1936లో న్యూయార్కులో ఆ గ్రంథమునకు రెండవ కూర్పు వచ్చినది. నేటికిని ప్రపంచములో భారతీయ నాట్యము నేర్చుకొనేవారు దానిని చదువుతూనే ఉన్నారు. ముఖపత్రము మీది రెండవ పేరు ఎవరిదని విచారించేవారు వారిలో ఎందరో చెప్పలేము.

తిరిగి వచ్చిన తరువాత ఆయన రాజమహేంద్రవరములోను, బందరు జాతీయ కళాశాలలోను కొద్దికాలము పనిచేసినారు. ఎక్కడను కుదురుకొనలేదు. చీరాలలో ఆంధ్ర విద్యాపీఠగోష్ఠి నెలకొల్పి కళలకు, సంస్కృత విద్యకు ఒక చోటు కల్పింపదలచినారు. తోలుబొమ్మలాట, యక్షగానము వంటి వీధికళలను చదువుకొన్నవారు చులకన చేస్తున్న రోజులలో వాటిని సభలకెక్కించవలెనని పట్టుబట్టినవారాయన. 1921లో పురపాలక సంఘపు పన్నులకు ఎదురు తిరిగి చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి బయట రామనగరమని పేరుపెట్టుకొని, పాకలలో పదకొండు మాసాలు కాపురము చేసినారు. ఆ తాటియాకు పాకలలో ఎండకు ఓర్చుకొని ఉన్న ప్రజలను చెదరకుండా నిలిపినది ఉపన్యాసాలు మాత్రమే అనుకొనరాదు. రామదండు వచ్చి పాడేది. ఆయన చమత్కార పద్యాలు నోటినోట తిరిగేవి. నాట్యమండలిలో నేర్చిన విద్య నాడు ఒక ఊరికి ఊరినే కట్టి ఉంచినది. 1928 జూన్ మాసములో, ముప్పదితొమ్మిదేండ్లకే, క్షయవ్యాధి ఆయనను తీసికొనిపోయినది. దేశభక్తుని విగ్రహాలు మనము నిలిపినాము, మంచిదే. నాట్యశాస్త్రజ్ఞుని మరచిపోయినాము.

ఇక నాటకము. తెనాలిని ఆంధ్ర పారిస్ అని పిలుచుకోవడము మనవారి మురిపెము. పారిస్ సంగతి ఎట్లున్నా, తెనాలికి రామవిలాస సభ ఉండేది, దానికి దీటైన నటులుండేవారు. మాధవపెద్ది వెంకటరామయ్యగారు, గోవిందరాజుల సుబ్బారావుగారు, స్థానం నరసింహారావుగారు అందరును ఆ సభ వెలుగులో పెరిగినవారే. స్థానంవారిది బాపట్ల, పుట్టినది 1902. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర ఆడుతుండగా చంద్రమతి వేషధారి రాలేదు. పదునెనిమిదేండ్ల నరసింహారావును నిలబెట్టినారు. ఆ రాత్రి మొదలు ముప్పదియేండ్లకు పైగా సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, మధురవాణి అన్న పేర్లు వింటే ఆంధ్రులకు ఆయన ముఖమే కనబడినది. 1956లో ప్రభుత్వమువారు పద్మశ్రీ ఇచ్చినారు. ఏర్పాటు చేసిన కచేరీలో కాక, రాని వేషధారి స్థానములో తొలిసారి నిలబడిన నటుడు ఆయన ఒక్కడే కాకపోవచ్చును. కాని ఇటువంటివి జరుగడానికి ఊరూరా నాటకాలు, ఊరూరా వంతుకు నిలిచే కుర్రవాండ్రు ఉండవలెను. ఆ పరిస్థితి ఆనాడు ఉన్నది.

ఈ నాటకాలు అసలు సంగీత సభలే అంటే తప్పు కాదు. ఒక్కొక్క పద్యానికి ఒక్కొక్క రాగము. పద్యము ముగిసిన తరువాత ఆలాపన. ఆలాపన ముగిసే వేళకు వెనుక వరుసలోనుంచి మళ్లీ పాడుమని కేక. చచ్చి పడి ఉన్న పాత్ర లేచి పద్యము పాడి మళ్లీ పడుకొన్న కథలు మన పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. విమర్శకులు ఈ రాగాల మోజును తిట్టినారు, తిట్టవలసినదే కూడ. అయినా గురువు ముందు కూర్చుని వర్ణాలు సాధన చేసే యోగ్యత లేని పల్లెటూరి బాలునికి మోహన, కాంభోజి, ముఖారి చెవినపడినది ఆ పద్యాలలోనే. శాస్త్రీయ సంగీతమునకు చెవులు సిద్ధము చేసినది నాటకపు హార్మోనియమే అని నా అభిప్రాయము. తరువాత బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుల కచేరీలకు గుంటూరు సీమనుండి రైలెక్కి వెళ్లిన శ్రోతలు ఎక్కడ తయారైనారో ఆలోచిస్తే ఈ సంగతి బోధపడుతుంది.

1929లో సురభి నాటక సమాజాధిపతి వనారస గోవిందరావుగారి పూనికతో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినది. విడివిడిగా తిరుగుతున్న నటులకు, రచయితలకు, ఒకచోట కూడి ఒకరి పని ఒకరు చూచుకొనే అవకాశము అప్పుడు కలిగినది. తరువాత పరిషత్తు పోటీలకు దిగినది. దానిని చూచి ఊరూరా చిన్న పరిషత్తులు మొలచినవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో వేసవి రాత్రులు వరుసగా నాటికలు ఆడి, న్యాయనిర్ణేతలను కూర్చుండబెట్టి, బహుమతులు పంచే ఆచారము నేటికిని ఉన్నది. పత్తి వ్యాపారి ఒక బహుమతి, మిరప రైతు ఒక బహుమతి ప్రకటించే ఆ సభలను పట్టణమువారు కొంచెము వేళాకోళము చేస్తారు. ఆ వేదికలెక్కినవారినే చలనచిత్రాలలో చూచి చప్పట్లు కొట్టేవారును వారే.

ఈ ముచ్చటలన్నీ చెప్పుకొంటూ ఒక మాట దాచరాదు. సభ అందరిది కాదు. గుఱ్ఱం జాషువగారు 1895లో వినుకొండలో పుట్టినారు. యౌవనములో, తన ఊరిలో జరిగిన ఒక అవధాన సభలో తాను వ్రాసిన పద్యాలు చదివినందుకు, తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చినారని కొందరు అవమానించినారు. పద్యము బాగులేదని కాదు. చదివిన నోరు వారికి పనికిరాలేదు. ఆ బాలునికి వేసవి తీరికలేదు, గ్రంథాలయపు చందా లేదు, నాట్యమండలిలో చోటు లేదు. ఉపాధ్యాయత్వము, మూగ చలనచిత్రాలకు కథ వినిపించే పని, ఇటువంటి కొలువులు చేసుకొంటూ, చదువుకొంటూ, 1941లో గబ్బిలమును దూతగా పంపి, మేఘదూతమెరిగిన పండితులకు వారి భాషలోనే జవాబు చెప్పినారు. మన యువకుల కళోత్సాహమును గూర్చి చెప్పేటప్పుడు ఆ ఉత్సాహము ఏ గుమ్మము దగ్గర ఆగినదో కూడ చెప్పకపోతే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

స్త్రీల మాటయు అంతే. స్థానంవారి సత్యభామను మెచ్చిన ఊళ్లలో నిజమైన ఆడపిల్ల రంగమెక్కితే ఊరుకొనేవారు కారు. సురభివారి కుటుంబాల స్త్రీలు ఎక్కినారు. వారిని గొప్పవారని మెచ్చినారు, తమ ఇంటి పిల్లలను మాత్రము ఆ దరికి పోనీయలేదు. సెలవులలో అన్నగారు నవలలు, పత్రికలు తెచ్చి వసారాలో చదువుకొంటూ ఉంటే, చెల్లెలికి ఆవకాయ ముక్కలు, వడియాలు, అప్పడాలు. ఆ పత్రికలు మధ్యాహ్నము వంటింటిలోనికి పోయేవన్నది మాత్రము నిజము. ఆ చదువరుల కోసము వ్రాసినవారు బాపట్ల ఆడపడుచు కనుపర్తి వరలక్ష్మమ్మగారు. 1928 మొదలు గృహలక్ష్మి పత్రికలో ఆమె వ్రాసిన శారద లేఖలు ఒక స్నేహితురాలికి ఉత్తరాల రూపములో సాగినవి. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టినారు. పుస్తకము ఇంటిలోనికి వచ్చినా, మనిషి బయటికి రావడానికి ఒక సంఘము కావలసివచ్చినది.

పుస్తకాల సంగతి వేరే చెప్పవలెను. నాటకముకన్న అదే గట్టిగా వేరూనినది. 1914 ఏప్రిల్ 10వ తేదీని, సరిగా ఎండలు మొదలైన వేళ, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అక్కడ పుట్టినది. ఊరికొక గ్రంథాలయము అన్న మాట అప్పటి యువకులకు మంత్రమైనది.

1918 అక్టోబరు 15వ తేదీని వేటపాలెములో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారు, మరికొందరు యువకులు హిందూ యువజన సంఘము పేరిట ఒక చిన్న పుస్తక భాండాగారము తెరచినారు. వేటపాలెము నేతగాండ్ర ఊరు. మగ్గము ముందు కూర్చున్నవానికి పుస్తకము పట్టుకొనే చేయి ఖాళీగా ఉండదు. ఒకరు చదివితే పదిమంది విన్నారు. ఆ భాండాగారమే సారస్వత నికేతనము. 1929లో మహాత్మాగాంధీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేసినారు. అప్పటి జనసమ్మర్దములో ఆయన చేతికఱ్ఱ విరిగినది. ఆ విరిగిన కఱ్ఱను నికేతనమువారు భద్రపరచి ఇప్పటికిని చూపిస్తారు. చూడవచ్చినవారు కఱ్ఱను చూచి నమస్కరించి వెళ్లిపోతారు. నా మట్టుకు నాకు, కఱ్ఱకన్న, బీరువాలలోని పాత పత్రికల సంపుటాలు గొప్పవి. ఇంటింటను పొట్లాలు కట్టడానికి పోయిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు ఇక్కడ ఏడాది కేడాది కుట్టి నిలువచేసినారు. విదేశాలనుండి కూడ పరిశోధకులు వచ్చి ఆ కాగితాలు తిరుగవేస్తూ ఉంటారు. నిన్నటి పత్రికను రేపటికి దాచవలెనన్న బుద్ధి ఒక నేతపనివారి ఊరిలోని యువకులకు ఎట్లు కలిగినదో!

దుగ్గిరాల చుట్టుప్రక్కల పసుపు పండే మాగాణులలో పెదపాలెమని ఒక గ్రామమున్నది. 1907లో అక్కడ పుట్టిన పాతూరి నాగభూషణముగారు బాల్యములోనే ఈ మంత్రమును పట్టినారు. ఆర్యబాల సమాజమని పేరు, పేరులోనే బాలురున్నారు. పెద్దలు పెట్టిన గ్రంథాలయానికి పిల్లలు వెళ్లడము సామాన్యము. ఇక్కడ పిల్లలు పెట్టినదానికి పెద్దలు వచ్చినారు. అయితే పుస్తకము పెదపాలెములోనే ఉంటే చాలునా? కాలువ గట్టున ఊళ్లు వరుసగా ఉన్నవి. ఊరూరికి గ్రంథాలయము కట్టే ధనము లేదు. కాలువలో పడవలు తిరుగుతున్నవి. 1935లో ఆయన పుస్తకాలను పడవకెక్కించినారు. పెదవడ్లపూడినుండి కొల్లూరుదాక కృష్ణకాలువ మీద ఆ పడవ సాగినది. ధాన్యము, మిరపకాయలు, పెళ్లివారు పోయే నీటి దారిలో గ్రంథాలయము పోయినది. రేవులో పడవ ఆగితే పాత పుస్తకము ఇచ్చి కొత్తది తీసికొనేవారు.

పడవ గ్రంథాలయమును వింతగా చెప్పుకోవడము మనకు అలవాటైనది. అది వింత కాదు, లెక్క. పుస్తకాలు కొద్ది, చదువరులు చెదరి ఉన్నారు. చదువరిని పుస్తకము దగ్గరకు రప్పించడముకన్న పుస్తకమును త్రిప్పడము చౌక. ఒక్క పుస్తకము ఒక ఊరిలో పది రోజులుండి కదలిపోతే, ఏడాదిలో ఎన్ని ఊళ్లు చదువునో చూచుకొనవచ్చును. ఇరువదియెనిమిదేండ్ల యువకుడు ఈ లెక్క వేసినాడు. గోపాలకృష్ణయ్యగారి గ్రంథము హార్వర్డులో అచ్చయిననాడు ఆయనకును అదే వయసు. ఇది కాకతాళీయమే, అయినా ఆ వయసు మీద గౌరవము కలిగించే కాకతాళీయము.

చదివినవారు ఏమైనారు? తెనాలిలోనే ఇద్దరిని చూపవచ్చును. 1908లో పుట్టిన ఆలూరి వెంకటసుబ్బారావుగారు హిందీ నేర్చి, చక్రపాణి అన్న పేరు పొంది, క్షయవ్యాధికి మదనపల్లె ఆరోగ్యవరములో ఉన్న రోజులలో వంగభాష సాధించి, శరత్ నవలలను తెలుగువారి ఇంటి కథలన్నంతగా తెలిగించినారు. 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు గుంటూరు, విజయనగరము, కాశి తిరిగి భౌతికశాస్త్రము చదివి, చివరకు కథలు వ్రాసినారు. ఇద్దరును తరువాత చందమామ దగ్గర కలసినారు. అంతకుముందే, 1920 ప్రాంతమున, తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారు తెనాలిలో సాహితీ సమితి నడిపినారు. భావకవుల తరము అంతా ఆ నీడన కొంతసేపైనా నిలిచినది. దీనిని గూర్చి గ్రంథాలే ఉన్నవి గనుక ఇక్కడ విస్తరించను.

పెదపాలెమునకు కొద్ది మైళ్లలోనే తుమ్మపూడి ఉన్నది. 1914 జులై 3వ తేదీని అక్కడ పుట్టిన సూర్యదేవర సంజీవదేవ్‌గారిది మరొక దారి. నాటకాలకు కూడిన బృందము ఆయనకు లేదు. పట్టము తెచ్చిపెట్టే చదువు లేదు. పుస్తకాలు, రంగులు, ఒంటరి నడక. యౌవనములో వేసవికి మామిడితోటలు చాలక హిమాలయాలకు వెళ్లినారు. కులూ లోయలో నికొలస్ రోరిక్ అన్న రష్యా చిత్రకారుని చూచినారు. కొండల మీది మంచును ఎన్ని రంగులలో వేయవచ్చునో ఆయన దగ్గర గ్రహించి వచ్చిన యువకుడు, తరువాత తన జీవితమంతా తుమ్మపూడిలోనే ఉండిపోయినాడు. చిత్రాలు వేసినారు, ఛాయాచిత్రాలు తీసినారు. అన్నిటికన్న ఎక్కువగా చిత్రకళను గూర్చి తెలుగులో వ్రాసినారు. మనకు కావ్యము చూచే కన్ను ఉన్నది, చిత్రము చూచే కన్ను లేదు. ఆ కన్ను తెరిపించే వచనము ఆయనది. ఉత్తరాలు వ్రాయడములో ఆయనకు అలుపు లేదు. దేశదేశాల కళాకారుల ఉత్తరాలు దుగ్గిరాల మీదుగా ఆ పల్లెకు వచ్చేవి. స్వీయచరిత్రకు ఆయన తన ఊరి పేరే పెట్టుకొన్నారు. నాగార్జున విశ్వవిద్యాలయమువారు గౌరవ పట్టము నిచ్చినారు. 1999లో మరణించినారు. కళాజీవితానికి పట్టణవాసము తప్పనిసరి అని ఇప్పటి పిల్లలు అనుకొంటారు. వారు ఆ స్వీయచరిత్ర ఒకసారి చదువవచ్చును.

కళను చూచే కన్ను అన్నప్పుడు అమరావతి జ్ఞాపకమురాక తప్పదు. గుంటూరుకు ఇరువది మైళ్ల దూరములో, కృష్ణ ఒడ్డున, దీపాలదిన్నె అని పిలిచిన మట్టిదిబ్బ క్రింద మన దేశములోని మహాస్తూపాలలో ఒకటి ఉన్నదని లోకానికి తెలిసినది 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూచిన తరువాత. అప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయనిగారు కొత్త పట్టణము కడుతూ ఉండగా ఆ రాళ్లు కొన్ని గోడలలోనికి పోయినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించినవి మద్రాసు చేరి, 1859లో లండనుకు ఓడకెక్కినవి. మిగిలినవి చాలమట్టుకు మద్రాసు మ్యూజియములో ఉన్నవి. ఆ పలకల మీద ఉన్నదేమి? ఉత్సవము. విల్లువలె వంగిన వీణలు, పిల్లనగ్రోవులు, మద్దెలలు, శంఖాలు. చుట్టును నాట్యమాడే స్త్రీలు. మేడ కిటికీలలోనుంచి తొంగిచూచే ప్రేక్షకులు. పదునెనిమిది వందల యేండ్ల క్రిందటి వాద్యబృందము ఎట్లు కూర్చునేదో రాతి మీద చూడవచ్చును. వీణ వంచిన తీరు, నర్తకి నడుము విరుపు, చేతివ్రేళ్ల ముడి చూస్తే అభినయశాస్త్రము గ్రంథమెక్కక పూర్వమే మన వీధిలో ఉన్నదని తెలుస్తుంది. కాని గుంటూరు యువకుడు వాటిని చూడవలెనంటే మద్రాసు రైలెక్కవలసివచ్చినది. ఆ రైలు అమరావతి ప్రక్కగా పోదు. ఊరిలోనే మ్యూజియము ఏర్పడి, 1956లో బుద్ధజయంతి పేరిట దేశము దృష్టి ఇటు మళ్లి, 2006 జనవరిలో దలైలామాగారి కాలచక్ర ఉత్సవానికి దేశదేశాలవారు వచ్చి దిగేవరకు, అమరావతి ఒక శివరాత్రి తిరునాళ్ల ఊరే.

1948 డిసెంబరు 1వ తేదీని విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనది. కచేరీకి రైలెక్కే శ్రోత, పంచాయతీ రేడియో ముందు అరుగుమీద కూర్చున్నాడు. నష్టము లేదనలేము: పదిమంది కూడి చందా వేసి గాయకుని పిలిపించే అలవాటు సన్నగిల్లినది. లాభము అంతకన్న పెద్దది. అరుగుమీద కూర్చున్నవానికి కులమడిగేవారున్నారేమో గాని, పాటకు గుమ్మము లేదు. జాషువగారు 1957 నుండి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా పనిచేసినారు. వినుకొండ సభలో పద్యము చదువరాదన్న కవి, ఎవరు ఏమి చదువవలెనో ఏర్పాటుచేసే ఆసనములో కూర్చున్నారు.

ఆ పిమ్మట వేసవి స్వరూపమే మారినది. ప్రవేశపరీక్షలు వచ్చి చైత్ర వైశాఖాలను తీసికొనిపోయినవి. గుంటూరు ఆ శిక్షణకు పేరుపడిన ఊరు కావడము కొంత విచిత్రమే. ఇంటర్మీడియటు బాలునికి ఎండకాలము ఇప్పుడు తీరిక కాదు, గడువు. పుస్తకాల పండుగ కూడ చలికాలానికి జరిగినది. 1989 నుండి విజయవాడలో కొత్త సంవత్సరపు తొలిరోజులలో పుస్తక మహోత్సవము జరుగుతున్నది, గుంటూరు ప్రకాశం జిల్లాల పిల్లలు బస్సులెక్కి వస్తారు. వచ్చినవారిలో పాఠ్యపుస్తకాలు కానివి కొనేవారు ఇంకను ఉన్నారు. సంచులు చూస్తే తెలుస్తుంది.

ఆనాటి సభల తేదీలు, నాటకాల ప్రకటనలు, చందాదారుల పేర్లు సరిచూడదలచినవారికి వేటపాలెము నికేతనము తెరచియే ఉన్నది. పత్రికల సంపుటాలు అడిగితే తెచ్చి బల్లమీద పెడతారు. కాగితము పండుబారి అంచులు రాలుతున్నవి గనుక, పుట మెల్లగా త్రిప్పవలెను.